రెండో ఇంజన్ – తొమ్మిదో భాగం: గీకేసిన నంబరు

క్రిస్టోఫర్ పోయినప్పుడు ఎండలు మండుతున్నాయి. ఇప్పుడు ఉప్పల్ బస్టాపులో పొద్దున పూట స్వెట్టర్లు కనిపిస్తున్నాయి. ఇన్ని నెలలూ అతని నీలం రంగు స్పోర్ట్స్ కారు చిలకానగర్ అపార్ట్‌మెంట్ సెల్లారులో కవరు కప్పుకుని అలాగే ఉంది. దాన్ని అమ్మేస్తానని అతని భార్య దోర్కా అన్నది. ఆ మాట విన్న దగ్గర్నుంచి కూతురు ఫెబా తల్లితో ముభావంగా ఉంటోంది. గిరిప్రసాద్ అనే కుర్రాడు కొంటానని ముందుకొచ్చాడు. పోయిన వారం బండ్లు పరీక్షించే మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ మనిషి బానెట్ ఎత్తి, టార్చి వేసి, చాలాసేపు తల లోపలే పెట్టి ఉండిపోయాడు. తర్వాత చేతులు తుడుచుకుంటూ చెప్పాడు.

"మేడమ్, ఇది ఈ బండితో వచ్చిన ఇంజన్ కాదు. మార్చారు. మార్చడం తప్పేం కాదు, ఆర్టీఓ ఆఫీసులో రాయించుకుంటే సరిపోతుంది. కానీ దీని మీద నంబరే లేదు. గ్రైండర్ పెట్టి గీకేశారు."

గిరిప్రసాద్ ముఖం పాలిపోయింది. "దొంగ ఇంజనేమోనండీ. నాకు భయంగా ఉంది. ఏమీ అనుకోకండి" అని వెళ్లిపోయాడు.

దోర్కా ఏమీ అనుకోలేదు. అదే ఆమెకు వింతగా ఉంది. దొంగ అన్న మాట తన ఇంటి సెల్లారులో, తన భర్త బండి ముందు నిలబడి ఒకరు అంటే కోపం రావాలి. పోనీ భయమన్నా వేయాలి. ఆమె పైకి వెళ్లి బియ్యం కడిగింది. ఫెబా యూనిఫాం ఇస్త్రీ చేసింది. మర్నాడు మందుల షాపుకు వెళ్లి ఎప్పటిలాగే కౌంటరు వెనక నిలబడింది. ఎవరో షుగర్ మాత్రలు అడిగితే ఇచ్చింది. ఎవరో దగ్గు మందు ఎలా తాగాలంటే చెప్పింది. ఒంటి మీద ఎవరిదో మందపాటి కోటు తొడిగినట్టు, బయటివేవీ తనదాకా వచ్చేవి కావు.

క్రిస్టోఫర్ బీమా సర్వేయరు. ప్రమాదాల్లో దెబ్బతిన్న బండ్లను చూసి, ఏది బాగుపడుతుందో, ఏది పనికిరాదో కంపెనీకి రాసిచ్చేవాడు. అబద్ధం రాయడని పేరు. చర్చిలో పెద్దలకు ఏదైనా తగాదా వస్తే "క్రిస్టోఫర్‌ను పిలువున్రి, ఆయన ఉన్నది ఉన్నట్టు జెప్తడు" అనేవాళ్లు. అలాంటి మనిషి బండిలో నంబరు గీకేసిన ఇంజన్ ఉంది.

దాన్ని బిగించినవాడు మెకానిక్ పాండురంగ. అడగాల్సింది అతన్నే.

శనివారం మధ్యాహ్నం షాపులో చెప్పి, దోర్కా స్కూటీ మీద నాచారం బయల్దేరింది.

*

పాండురంగ షెడ్డు నాచారం పారిశ్రామికవాడలో, ఒక మసాలా ఫ్యాక్టరీ గోడకు ఆనుకుని ఉంటుంది. ఆ సందులోకి తిరిగేసరికి ధనియాల వాసనా కాలిన ఆయిల్ వాసనా కలిసి వస్తాయి. రేకుల కింద ఒక తెల్ల కారు ముందు చక్రాలు లేకుండా దిమ్మెల మీద నిలబడి ఉంది. దాని కింద నుంచి పాండురంగ కాళ్లు కనబడుతున్నాయి.

"పాండురంగన్నా."

కాళ్లు కదిలాయి. అతను పాక్కుంటూ బయటికొచ్చి, ఆమెను చూసి గబుక్కున లేచాడు. క్రిస్టోఫర్‌కు పదేళ్లకు పైగా స్నేహితుడు. అంత్యక్రియల రోజు చర్చి లోపలికి రావాలో వద్దో తెలియక గేటు దగ్గరే నిలబడి, శవపేటిక బయటికి రాగానే ఎవరూ పిలవకుండానే వచ్చి భుజం పట్టాడు.

"ఏంది వదినె, ఫోన్ జేస్తే నేనే వద్దును గద." ఒక కుర్చీ మీద గుడ్డ కొట్టి వేశాడు. "కూసో. చాయ్ చెప్పనా?"

"వద్దన్నా. బండి గురించి వచ్చిన."

"అమ్ముడువోయిందా?"

"లేదు. కొనేటాయన ఎన్కకు పోయిండు. ఇంజన్ మీద నంబర్ లేదంట."

పాండురంగ మూలన ఉన్న డ్రమ్ము దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. సబ్బు రుద్దాడు, కడిగాడు, మళ్లీ రుద్దాడు. దోర్కా అతని వీపు వైపు చూస్తూ కూర్చుంది. తొందరేమీ అనిపించలేదు.

"ఈ రోజుల్ల కొనేటోళ్లు మస్తు హుషారైన్రు వదినె" అన్నాడు చివరికి తిరిగి వస్తూ. "మంచిదే. క్రిస్టోఫరన్న గూడ అట్ల ఒకర్ని తీస్కవొయి కొనుంటే ఈ తిప్పలు ఉండకపోతుండె. కొన్ననాడు నన్ను తోల్కపోలేదు. నేను బండ్లు సూసేటోన్నే గద, నాకెవరు చెప్పాలె అనుకున్నడు."

"ఏమైందప్పుడు?"

"పాత స్పోర్ట్స్ బండి కొనేటప్పుడు తెల్లారంగ పోవాలె. ఇంజన్ రాత్రంత పండుకొని సల్లగుండాలె. అప్పుడు స్టార్ట్ జేసి ఇంటె లోపలున్న రోగమంత సప్పుడు జేస్తది. అమ్మినోడు అన్న వచ్చేటాళ్లకు బండిని ఓ చక్కరు తిప్పి తెచ్చి పెట్టిండు. ఏడి మీద ఏ ఇంజన్ అయినా మంచిగనే పాడుతది. ఆయిల్ గూడ మందపుది పోసిండు, సప్పుడు రాకుండ. నాలుగు నెలలు గూడ తిరగలే. లోపలి బేరింగులు అరిగి, రాడ్ ఇరిగి, ఇంజన్ బ్లాకు పలగ్గొట్టుకొని బయటికొచ్చింది."

ఆ రోజు దోర్కాకు గుర్తుంది. ఘట్‌కేసర్ దాటాక బండి ఆగిపోయిందని క్రిస్టోఫర్ ఫోన్ చేశాడు. లారీ మీద తీసుకొచ్చారు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని చాలాసేపు కలుపుతూనే ఉన్నాడు, తినలేదు. తన పనిలో తనే మోసపోయాడన్న సిగ్గు అది. ఆమెకు అర్థమైంది.

"మొదటి ఇంజన్ సంగతి నాకు తెల్సన్నా. రెండోది యాడికెల్లి వచ్చింది?"

"ముంబైకెల్లి." వెంటనే చెప్పాడు. "బోరు జేసి బాగు జేయిద్దామంటే బ్లాకే పలిగింది. కొత్తది తెప్పిద్దామంటే బండి కన్న ఇంజనే ఎక్కువైతుండె. ముంబైల పాత ఇంజన్లు దొరుకుతయ్. తెప్పించినం."

"ముంబైకెల్లి వచ్చినదానికి నంబర్ ఎందుకు గీకిన్రు?"

పాండురంగ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆమె వైపు కాకుండా తెల్ల కారు వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఎవరు గీకిన్రన్నా?"

"నేనే." గొంతు తగ్గింది. "అన్న జెప్తె గీకిన. గీకుతుంటే పక్కనే నిలబడ్డడు."

ఫ్యాక్టరీలో ఏదో యంత్రం మొదలైంది. గోడ అవతల నుంచి సన్నటి రొద. దోర్కా ఆ రొద వింటూ కూర్చుంది. క్రిస్టోఫర్ ఇక్కడ, ఈ నూనె మరకల నేల మీద, తెల్ల చొక్కా వేసుకుని నిలబడి ఉంటాడు. సర్వేకు ఎప్పుడూ తెల్ల చొక్కాయే వేసుకునేవాడు. గ్రైండర్ రవ్వలు చిమ్ముతుంటే కొంచెం వెనక్కి జరిగి ఉంటాడు. అతని ముఖం ఎలా ఉండి ఉంటుందో ఊహించబోయింది. ముఖం రాలేదు.

"జెప్పన్నా. మొత్తం జెప్పు."

"వద్దు వదినె."

"నేను ఇక్కడ్నే కూసుంట. పొద్దు గుంకేదాంక అయినా సరే."

పాండురంగ స్టూలు ఆమె వైపు తిప్పుకున్నాడు. ఆమె నిజంగానే కూర్చుంటుందని అర్థమైనట్టుంది.

"అన్న బండిసొంటి బండ్లు పట్నం మొత్తంల చేతి వేళ్ల మీద లెక్క. అండ్ల ఒకటి నారపల్లి రోడ్డు మీద డివైడర్‌కు కొట్టుకొని బోల్తవడ్డది. ఎడమ పక్క భాగమంత నుజ్జు నుజ్జయ్యింది. ముంగట ఇంజన్‌కు మాత్రం దెబ్బ తాకలే. సర్వేకు ఎవరు వొయిన్రు? అన్ననే. ఇంజన్ ఖతమైందని రాసిండు. బండి మొత్తం తుక్కు కిందనే లెక్క అని రాసిండు. వారం తిరగకముందే నన్ను పంపి ఇంజన్ దింపించిండు. మంచి ఇంజన్ వదినె. అసొంటి ఇంజన్‌ను నేను మల్ల సూడలే. కాయితం మీద సచ్చిపోయిన ఇంజన్ బండ్ల నడుస్తుంటే ఎట్ల? అందుకే నంబర్ గీకినం."

ఒక్కో ముక్కా విడివిడిగా అర్థమైంది. మందుల చీటీ చదివినట్టు వరసగా అర్థమైంది. దేనికీ నొప్పి లేదు.

"ఆ బండి ఎవరిది?"

"ఒక పిలగానిది. అభినవ్ అని. పీర్జాదిగూడల ఉంటరు. ఆంధ్రోళ్లు. తల్లి టీచరమ్మ."

"పిలగాడు ఏమైండు?"

"దవాఖానల ఉండె. నేను ఇంజన్ దింపంగ తల్లి గూడ లేదు, దవాఖానలనే ఉన్నదని వాచ్‌మెన్ చెప్పిండు."

"బతికిండా?"

"తెల్వదు."

"అడగలేదా?"

"అడగలే వదినె." పాండురంగ తన అరచేతుల వైపు చూసుకున్నాడు. "అడిగితే ఇంజన్ బిగించనీకి చేతులు రాకపోతుండె."

దోర్కా కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. చెంప మీద తడి తగిలాక ఆమెకే తెలిసింది. పాండురంగ కంగారుగా లేచి నీళ్ల సీసా అందించాడు.

"ఏడ్వకు వదినె."

"ఏడుస్తలేనన్నా. ఫ్యాక్టరీల మిరపకాయలు పట్టిస్తున్నట్టున్నరు."

నిజమే. అతను కూడా దగ్గుతున్నాడు. ఇద్దరూ కాసేపు కళ్లు తుడుచుకుంటూ, దగ్గుతూ ఉండిపోయారు. ఘాటు కొంచెం తగ్గాక పాండురంగ స్టూలు ముందుకు జరుపుకుని, అప్పటిదాకా లేని చొరవతో మాట్లాడాడు.

"నా మాట ఇను. రేపు బండిని నేనే లాక్కొస్త. గీ ఇంజన్ తీసి ముక్కలు ముక్కలు కోసి తుక్కుల ఏస్త. ఇంజన్ లేని బండని చెప్పి అమ్ము. గట్ల కొనేటోళ్లు గూడ ఉంటరు, వాళ్ల ఇంజన్ వాళ్లు పెట్టుకుంటరు. ఎవరికి తెల్వదు, ఎవరు అడగరు. సాఫ్."

"ఆ తల్లికి?"

"ఆమెకు ఇంజన్ పాడైందనే తెల్సు. అట్లనే ఉండనీ. సచ్చిపోయిన మనిషి వదినె. మట్టిల పండుకున్నడు. ఆయన పేరు ఎందుకు బజార్ల ఏస్తవ్? ఫెబా ఉన్నది. చర్చి ఉన్నది. కంపెనీకి తెలిస్తే ఆయన రాసిన పాత రిపోర్టులన్ని తవ్వుతరు."

"ఆయన పేరు గురించేనా, నీ పేరు గురించా?"

పాండురంగ తల వంచుకున్నాడు. అబద్ధం చెప్పడానికి ప్రయత్నించలేదు.

"రెండూ" అన్నాడు.

దోర్కా లేచింది. ఆ జవాబు ఆమెకు నచ్చింది. ఈ మధ్యాహ్నమంతా అతను సూటిగా చెప్పిన మాట అదొక్కటే అనిపించింది.

"ఇంజన్‌ను ముట్టకు అన్నా. నేను ఫోన్ జేసేదాంక ఆ బండి జోలికి రాకు."

"యాడికి వోతున్నవ్?"

"పీర్జాదిగూడకు."

"వొయ్యి ఏం జెప్తవ్ వదినె?"

ఆమె హెల్మెట్ పెట్టుకుంది. పాండురంగ సందు చివరి దాకా స్కూటీ వెనకే నడిచి వచ్చి, అక్కడ ఆగిపోయాడు.

*

ఉప్పల్ రింగు రోడ్డు సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడింది. స్కూటీ వెనక్కి తిప్పుకుంటే ఇల్లు. ఫెబా ట్యూషన్ నుంచి వచ్చి ఉంటుంది. ఫ్రిజ్‌లో దోసెల పిండి ఉంది. ఇంటికి వెళ్లి దోసెలు పోసి, రేపు పాండురంగకు ఫోన్ చేసి సరే అంటే అయిపోతుంది. ఆలోచిస్తే అది పెద్ద పాపంగా కూడా అనిపించలేదు. ఏదీ పెద్దగా అనిపించడం లేదు కదా.

పచ్చలైటు పడింది. వెనకున్న ఆటోవాడు హారన్ కొట్టాడు. దోర్కా నేరుగా పోనిచ్చింది.

వరంగల్ రోడ్డు మీద ఫ్లైఓవర్ స్తంభాల పక్కన దుమ్ము లేస్తోంది. బోడుప్పల్ దాటింది. పీర్జాదిగూడలో కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్ల మధ్య ఇద్దరు ముగ్గుర్ని అడిగింది. యాక్సిడెంటు అయిన అబ్బాయి, తల్లి టీచరు అనగానే ఒక కిరాణా కొట్టావిడ చెయ్యి చూపించింది. లేత పసుపు రంగు బిల్డింగు. అభినవ్ పేరు చెబితే వాచ్‌మెన్ మూడో అంతస్తు అన్నాడు. అబ్బాయి బతికున్నాడా అని అతన్ని అడగబోయి ఆగింది. పాండురంగ ఎందుకు అడగలేకపోయాడో అప్పుడు తెలిసింది.

తలుపు తీసినావిడకు అరవై ఏళ్లు ఉండవచ్చు. నేత చీర, మెడలో కళ్లజోడు తాడు. చేతిలో సగం తరిగిన బీరకాయ ఉంది.

"ఎవరండీ?"

"నా పేరు దోర్కా. ఉప్పల్‌కెల్లి వచ్చిన. క్రిస్టోఫర్ భార్యను. బీమా సర్వేయర్..."

ముఖం మీదే తలుపు వేస్తుందని దోర్కా సిద్ధంగా ఉంది. తిడుతుందని సిద్ధంగా ఉంది. ఆవిడ మాత్రం తలుపు బార్లా తెరిచింది.

"దోర్కా గారా. రండి రండి. అక్కడే నిలబడ్డారేం, లోపలికి రండి." ఎన్నాళ్లుగానో విన్న పేరు పలికినట్టు పలికింది. వెనక మెట్ల వైపు తొంగి చూసింది. "ఆయన రాలేదా? కింద బండి పెడుతున్నారా?"

దోర్కా చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.

"నేనే అరుణకుమారిని. మీ గురించి చాలా చెప్పేవారు. కూర్చోండి. ఎన్ని నెలలైంది ఆయన వచ్చి. ఫోన్ చేస్తుంటే మోగనే మోగడం లేదు. నంబరు మార్చేశారేమో అనుకున్నాను. అబద్ధం ఎందుకు, నాకు కోపం కూడా వచ్చింది. చెప్పి మానెయ్యొచ్చు కదా, అబ్బాయి ప్రతి ఆదివారం బాల్కనీలో కూర్చుని చూస్తున్నాడు అనుకున్నాను."

అబ్బాయి. బాల్కనీలో కూర్చుని. అంటే బతికే ఉన్నాడు. ఆ మాట దోర్కా లోపల ఎక్కడో దిగింది.

"ఆయన లేడమ్మా" అంది. "గుండెపోటు. ఎండాకాలంల పోయిండు."

బ్యాంకులో, గ్యాస్ ఆఫీసులో, ఫెబా కాలేజీలో చెప్పి చెప్పి ఆ మూడు మాటలూ వాటంతట అవే వస్తాయి. అరుణకుమారి చేతిలోని బీరకాయను టీపాయ్ మీద పెట్టింది. తర్వాత మెల్లగా సోఫా అంచున కూర్చుంది.

"ఎండాకాలంలోనా" అంది. "మాకెవరూ చెప్పలేదమ్మా."

"మీరున్నరని నాకు తెల్వదు."

దోర్కాకు ఆ ఆదివారాలు గుర్తొచ్చాయి. ఆదివారం చర్చి అయ్యాక, భోజనం చేసి, "ఒక సర్వే ఉన్నది, చీకటి పడేటాళ్లకు వస్త" అని క్రిస్టోఫర్ వెళ్లేవాడు. ఆదివారం కూడా సర్వే ఏంటని ఆమె ఎప్పుడూ అడగలేదు. బండ్లకు ఆదివారమని తెలుసా, గుద్దుకుంటూనే ఉంటాయి కదా అనుకునేది.

అరుణకుమారి లేచి, కళ్లు తుడుచుకుని, వంటింట్లోకి వెళ్లి టీ పెట్టుకొచ్చింది. గాజు గ్లాసు దోర్కా చేతిలో పెట్టింది. వద్దనే ఓపిక దోర్కాకు లేదు.

"మా అబ్బాయిని నడిపించింది ఆయనేనమ్మా" అంది ఎదురుగా కూర్చుంటూ. "ఫిజియో వచ్చిపోతే వాడు మళ్లీ మంచం ఎక్కేవాడు. ఆయన వస్తే మాత్రం లేచేవాడు. ఇద్దరూ బండ్ల గురించి మాట్లాడుకుంటూ ఆ వరండాలో అటూ ఇటూ నడిచేవాళ్లు."

"అమ్మా, నేనొకటి జెప్పనీకి వచ్చిన." దోర్కా గ్లాసు కింద పెట్టలేదు. చెప్పేయకపోతే ఇక చెప్పలేనని తెలుస్తోంది. "మీ బండి ఇంజన్ పాడుగాలేదు. మంచిగనే ఉండె. పాడైందని మా ఆయన అబద్ధం రాసిండు. రాసి, తీసుకపొయ్యి మా బండికి పెట్టుకున్నడు. నంబర్ గీకిచ్చిండు. నాకు గీ రోజే తెల్సింది. మీ ఇంజన్ మా సెల్లార్ల ఉన్నది. తీసుకపోతే తీసుకపొండ్రి. కేసు పెడితే పెట్టుండ్రి. నేను అడ్డం రాను."

అరుణకుమారి ఆశ్చర్యపోలేదు. ఆమె ముఖంలో ఒక రకమైన జాలి కనిపించింది.

"ఆ ఇంజన్ నేనే తీసుకెళ్లమన్నానమ్మా" అంది.

"ఏంది?"

"ఇంజన్ బాగానే ఉందని ఆయన నాకు ముందే చెప్పారు. బాగుందని రాస్తే కంపెనీ రిపేరుకే ఇస్తుంది, ఆసుపత్రికి చాలదు, బండి మొత్తం పోయిందని రాస్తాను అన్నారు. నేను వద్దనలేదు. వాడు వెంటిలేటర్ మీద ఉన్నాడు. ఆ స్థితిలో ఏ తల్లి వద్దంటుంది? మరి ఇంజన్ ఏం చేయమంటారు అని ఆయనే అడిగారు. మీ బండిలో పెట్టుకుంటారో, మూసీలో పారేస్తారో మీ ఇష్టం, దాని ముక్క కూడా నా కంట పడకూడదు అన్నాను. తప్పయితే అందులో సగం నాది. కేసు పెట్టాల్సి వస్తే నా మీద కూడా పెట్టాలి."

అప్పుడు దోర్కాకు వేళ్లు కాలుతున్నట్టు తెలిసింది. టీ గ్లాసు వేడి. ఎప్పట్నుంచి పట్టుకుని ఉందో. గబుక్కున టీపాయ్ మీద పెట్టి, వేళ్లు చీర కుచ్చిళ్లలో చుట్టుకుంది. మండుతున్నాయి. మంట తగులుతోందన్న సంగతే ఆమెకు కొత్తగా ఉంది. క్రిస్టోఫర్ దొంగ కాదు. అబద్ధం రాశాడు, నిజమే. కానీ ఒక తల్లి కోసం రాశాడు. ఫెబాకు చెప్పుకోవచ్చు. ఈ రాత్రే చెప్పుకోవచ్చు. కళ్లలోకి నీళ్లు వచ్చాయి. ఇక్కడ మిరపకాయలేవీ లేవు.

"మరి నాకెందుకు జెప్పలేదమ్మా ఆయన?" అంది. "గిది జెప్పుకోలేనంత సంగతి గాదు గద. నేనేమనేదాన్ని?"

అరుణకుమారి టీ గ్లాసును దోర్కా వైపు జరిపింది. ఆమె చూపు లోపలి గది తలుపు మీదికి వెళ్లి వచ్చింది.

"పోయిన మనిషి కదమ్మా. మంచివారు. అదొక్కటే గుర్తుపెట్టుకోండి. టీ చల్లారిపోతోంది, తాగండి."

లోపలి గదిలో ఇనుము నేలకు తగిలిన చప్పుడు. ఒకసారి, ఆగి, మళ్లీ ఒకసారి. తలుపు కర్టెన్ పక్కకు జరిగింది. వాకర్ పట్టుకుని ఒక యువకుడు నిలబడి ఉన్నాడు. ముప్ఫై దాటి ఉండవు. మనిషి ఒక పక్కకు కొంచెం ఒరిగి ఉన్నాడు. చాలాసేపటి నుంచి అక్కడే నిలబడి విన్నాడని అతని ముఖం చూస్తే తెలుస్తోంది.

"అభీ, నువ్వెందుకు లేచావు? లోపలికి పద నాన్నా."

"సగం చెప్పి పంపిస్తే ఎలాగమ్మా?"

"అభీ, నా మాట విను. ఆవిడ పరిస్థితి చూడు."

"చూశాను. రేపు ఇంకెవరో చెబితే వినడం కంటే మన దగ్గర వినడం నయం కదా." అతను వాకర్ మీద బరువు వేసి రెండడుగులు ముందుకొచ్చాడు. దోర్కా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. "ఆంటీ, అంకుల్ సర్వేకు వచ్చినప్పుడే మాకు పరిచయమైందనుకుంటున్నారు కదూ?"

దోర్కా తలూపింది.

"అంతకుముందే తెలుసండీ. ఆయన బండి ఇంజన్ పగిలిపోయాక, ఇదే మోడల్ ఇంకెవరి దగ్గరుందో కనుక్కుని నాకు ఫోన్ చేశారు. ఇలాంటి బండి ఉన్నవాళ్లం పట్టుమని పది మందిమి లేం. నాకూ సంతోషమేసింది, రమ్మన్నాను. బానెట్ ఎత్తి చూపించాను. బాగున్న ఇంజన్ ఎలా పలుకుతుందో ఇన్నాళ్లకు విన్నాను అన్నారు. ఆయన ముఖం చిన్నపిల్లాడి ముఖంలా అయిపోయింది."

అరుణకుమారి చీర చెంగుతో ముఖం కప్పుకుంది.

"నారపల్లి దాకా వెళ్లొద్దామని నేనే అన్నానాంటీ. ఒకసారి మీరే నడపండని స్టీరింగ్ ముందు నేనే కూర్చోబెట్టాను" అన్నాడు అభినవ్. "బోల్తా పడినప్పుడు నేను పక్క సీట్లో ఉన్నాను."